బొంతల మీద ఘాటెక్కిన ఎర్రకారు

మా బూరుగుదిబ్బలో తెలివైనోళ్ళెవరని ఎవర్నడిగినా గుమ్ములూరోళ్ళ ఇల్లే చూపిస్తారు. ఎవరో ఎందుకండీ, వాళ్ళే చూపిస్తారు. వీధిలో నిలబడి మరీ, "ఇదేనండి తెలివైనోళ్ళ ఇల్లు, రండి, మజ్జిగ తాగి ఎల్లండి" అంటారు. ఆ ఇంటి పక్కిల్లు నాది. అంచేత నేను చెప్పేదాంట్లో అబద్ధమంటూ ఉంటే ఆవగింజంతే. మిగతాదంతా ఈ కళ్ళతో చూసిందే.

ఆ ఇంటికి పెద్ద మంగతాయారు. ఆవిడకి ముగ్గురు కొడుకులు. రామభద్రం, వీరభద్రం, బలభద్రం. "ముగ్గురు భద్రాలుండగా ఇంటికి తలుపెందుకు?" అని ఆవిడ వీధి తలుపు పీకించేసింది. పీకిన తలుపుని దొంగలెత్తుకుపోతారేమోనని బీరువా వెనకాల దాచింది. బీరువాకి మాత్రం కొబ్బరికాయంత తాళంకప్ప. ఆ కప్ప నొక్కితే చాలు పడిపోద్ది, తియ్యాలంటేనే చెవి కావాలి. ఆ చెవి చిన్నోడు బలభద్రం మొలతాడుకి కట్టుంటది. "అక్కడెందుకమ్మా?" అని అడిగాను ఓసారి. "చెవి పారేసుకోవచ్చు గానీ, పిల్లోణ్ణి ఎలా పారేసుకుంటాం బాబూ?" అంది.



మొన్న ఎండాకాలం ఫ్యాను కరెంటు తినేస్తందని ఎవరో అన్నారంట. అంతే! ఫ్యాను ఆపేసి, దాని కింద ముగ్గురన్నదమ్ములూ గుండ్రంగా పరిగెట్టడం మొదలెట్టారు. "ఫ్యాను తిరిగినా మనం తిరిగినా గాలి గాలే కదండీ" అన్నాడు రామభద్రం చెమటలు కక్కుతా. అలాంటి తెలివి.

ఆ ఇంట్లో ఒక ఎర్రకారుంది. పట్నం కుర్రోడెవడో మోజు తీరి అమ్మేస్తే కొన్నారు. మామూలు కారు కాదండి, పరుగు కారు. ఎక్కితే పీట మీద కూర్చున్నట్టుంటది. స్టార్టు చేస్తే మా గేదె పాలు ఇవ్వడం మానేస్తది. దాని నాలుగు టైర్లూ అరిగి అరిగి సొరకాయల్లా నున్నగా తయారయ్యాయి. వాళ్ళకదీ గొప్పే. "చూశారా, ఒక్క గీత లేదు. కొత్తగా కొన్నప్పుడు ఒళ్ళంతా గాట్లే" అనేవాడు వీరభద్రం.

ఇలా ఉండగా బలభద్రానికి పిల్ల కుదిరింది. కుదిరినంత పనైంది అనాలి.

కొండ మీద పులిమేరులో కోటిలింగమని ఒకాయన ఉన్నాడు. ఘాటు రోడ్డు మీద లారీ తోలి తోలి జుట్టంతా ఊడగొట్టుకుని ఇప్పుడు మిరియాల తోట చూసుకుంటన్నాడు. ఆయన కూతురు మాణిక్యం వారం వారం జీపు తోలుకొచ్చి మా సంతలో అనాసపళ్ళు అమ్ముద్ది. బలభద్రం ఎల్లి, "తియ్యగా ఉంటదా?" అని అడిగాడు. "తిని చూడు" అంది. అంతే, అక్కడికక్కడే తొక్కతో, ముల్లుతో, ఆకులతో సహా తినేశాడు. మూతంతా గీరుకుపోయింది. "తియ్యగానే ఉంది, కానీ కొంచెం కోపంగా ఉంది" అన్నాడు. ఆ పిల్ల బుట్ట పట్టుకుని నవ్వింది నవ్వింది, నవ్వాపుకోలేక ఆ వారం బేరమే మానేసింది. ఇంటికెళ్ళి, "నాన్నా, అబద్ధమాడ్డం చేతకాని మొహం ఒకటి దొరికింది, చేసుకుంటే అతన్నే చేసుకుంటా" అందంట.

కోటిలింగం మాటామంతీ ఆడదామని కొండ దిగొచ్చాడు. ఇల్లు చూశాడు, తలుపు లేకపోయినా ఏమీ అన్లేదు. కారు చూశాడు. టైరు మీద చెయ్యేసి, తర్వాత తన బట్టతల మీద చెయ్యేసుకుని, "దీనికంటే నా తలకాయే నయం" అన్నాడు.

"అవునండి, మీది కూడా బానే ఉంది" అన్నాడు బలభద్రం మర్యాదగా.

"చూడబ్బాయ్. నా కూతురు రేపు ఈ కారులో ఘాటెక్కి దిగాలి. వానాకాలం. ఒక్క జారు జారితే లోయలో తేలతారు. ఎల్లి మంచి టైర్లు తెచ్చుకోండి. మూడు విషయాలు చూడాలి. రోడ్డు మీద పట్టుండాలి. కూర్చున్నోడికి సుఖముండాలి. పెట్టిన డబ్బుకి విలువుండాలి. అన్నీ ఒకదాంతో ఒకటి పోల్చి చూసి కొనండి. శుక్రవారం నా ఇంటి దగ్గరికి ఆ కారులో రండి. చేతిలో నిండుగా కాఫీగ్లాసు పట్టుకుని ఎక్కుతా. చుక్క కిందపడకపోతే తాంబూలాలు పుచ్చుకుందాం. పడిందో, ఆరోజే భోజనానికి కోనసీమ నుంచి ఇంకో సంబంధం వస్తంది. పిల్ల ఆళ్ళకే!"

బలభద్రం మొహం వాడిపోయింది. "అమ్మా, మాణిక్యం కాకపోతే నేను జన్మలో అనాసపండు ముట్టను" అన్నాడు. "ఏడవకురా. ఎద్దుల్ని పోల్చి కొన్న వంశం మనది. టైరెంత?" అంది తల్లి.

టౌన్లో ఖాదరు భాయి టైర్ల షాపు. భాయి పాపం ఓపిగ్గానే చెప్పాడు. మూడు రకాలు తీసి పెట్టాడు.

"ఇదిగో, ఇది పట్టు. గోడని బల్లి పట్టుకున్నట్టు పట్టుద్ది, వానైనా వదల్దు. ఇది సుఖం. అమ్మ ఒళ్ళో కూర్చున్నట్టుంటది, గుంతలే తెలీవు. ఇది విలువ. రోడ్డుకి తగిలితేనే కదా ఏ టైరైనా అరిగేది, ఇది అరిగేది బహు తక్కువ, ఏళ్ళ తరబడి ఉంటది. మూటిలో ఏ రకం నచ్చితే ఆ రకమే నాలుగూ ఏసుకోండి. నాలుగూ ఒకేలా ఉండాలి, గుర్తెట్టుకోండి."

"మరి పోల్చి చూడాలి కదా భాయ్" అంది మంగతాయారు, షాపు మధ్యలో బాసింపట్టు ఏసుకుని. వెనకాల బేరాలు ఎనక్కి పోతన్నాయి. భాయికి చెమట్లు పట్టాయి. "పట్టుకెళ్ళండమ్మా, మూడూ ఒక్కోటి పట్టుకెళ్ళి ఇంట్లో చూసుకోండి!" అని దణ్ణమెట్టి పంపించాడు.

ఇంకేముంది, మా వీధికి తిరనాళ్ళొచ్చింది.

ముందు పట్టు. "పోల్చమన్నారు. టైరుంది. బల్లేది?" అంది తల్లి. నిజమే కదా! రామభద్రం నిచ్చెనేసుకుని దూలం మీద బల్లిని చీపురుతో కదిపాడు. అది ఎగిరి సరిగ్గా బలభద్రం నడినెత్తి మీద పడింది.

"పెళ్ళికొడుకు నెత్తిన బల్లి! అమ్మో!" అని ఇల్లంతా గోల. అందరూ తలంటు పోసుకున్నారు. టైరుకి కూడా పోశారు. "దానికెందుకమ్మా?" అన్నాను గోడ మీంచి. "చూసింది కదా నాయనా" అంది. బల్లికి కూడా పోశారండి, కుంకుడురసంతో.

తర్వాత బల్లిని గోడకేసి విసిరారు. టక్కున పట్టుకుంది. ఇప్పుడు టైరు. వీరభద్రం గిరగిరా తిప్పి గోడకేసి కొట్టాడు. అంతే! టైరు గోడని పట్టుకోలేదు, గోడే టైరుని తన్నింది. అది ఆవకాయ జాడీ పగలగొట్టి, వీధి తలుపు లేదు కదా, తిన్నగా వీధిలోకొచ్చి, రాయి తగిలి పక్కకి తిరిగి, నా దొడ్లో కుడితి తాగుతున్న మా గేదె మెడలో దండలా పడింది.

అది బెదిరి తోకెత్తి పరుగు. మెడలో టైరు, టైరుకి ఆవకాయ. చేలు దాటింది, కాలవ దాటింది, బళ్ళోకెళ్ళి హెడ్మాస్టరు కుర్చీ తొక్కింది. దాని వెనకాల నేను, నా వెనకాల ముగ్గురు భద్రాలు. చివరికి చెరుకు తోటలో పట్టుకుని ఎంత లాగినా టైరు రాదు. ఆవుదం రాసి, కొమ్ములొంచి, నేను గేదె కాళ్ళమీద పడి బతిమాలితే గానీ రాలేదు.

నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా రామభద్రం నా భుజం తట్టాడు. "చూశారా బాబాయ్! కాలవలో తడిసినా వదల్లేదు. పట్టంటే ఇదీ! బల్లి ఏ పాటి? బల్లి గేదెని పట్టుకోగలదా?"

పట్టు టైరు పాసైపోయింది.

ఇక సుఖం. అమ్మ ఒళ్ళో కూర్చున్నట్టుంటదన్నాడు కదా భాయి. అరుగు మీద తల్లిని కూర్చోబెట్టారు. పక్కన టైరుని పడుకోబెట్టారు. ముందు రామభద్రం తల్లి ఒళ్ళో కూర్చున్నాడు. అతనెంతుంటాడనుకున్నారు? ఒడ్లబస్తా పక్కన నిలబెడితే బస్తాయే తమ్ముడిలా ఉంటది. కాసేపు అమ్మ ఒళ్ళో, కాసేపు టైరు మీద. మళ్ళీ అమ్మ, మళ్ళీ టైరు.

"ఎలా ఉందిరా?" అంది తల్లి మూలుగుతా.

"ఇంకోసారి చూడాలమ్మా, సరిగ్గా తేల్లేదు."

తర్వాత వీరభద్రం. ఆ తర్వాత బలభద్రం. "మీరూ రండి బాబాయ్, బయటోళ్ళు చెప్తే నిక్కచ్చిగా ఉంటది" అని నన్ను కూడా పిలిచారు. ఆవిడ ఒళ్ళో నేనా! నేను ఒడి మాత్రం వద్దని, టైరు మీద ఒక్కసారి కూర్చుని లేచాను. పొద్దుగూకేసరికి మంగతాయారు మోకాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. టైరు మాత్రం చెక్కుచెదర్లేదు.

"టైరే నయం. అమ్మ మధ్యలో మూలిగింది, టైరు మూలగలేదు" అని తేల్చారు. సుఖం టైరు కూడా పాసు.

మూడోది విలువ. రోడ్డుకి తగిలితేనే అరుగుద్దన్నాడు కదా భాయి. తల్లి కళ్ళు మూసుకుని ఆలోచించింది. "అయితే తగలనివ్వకూడదు. తగలకపోతే అరగదు. అరక్కపోతే విలువ తరగదు." ఆ మాటకి ముగ్గురు కొడుకులూ ఆవిడ కాళ్ళకి దణ్ణమెట్టారు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ముట్టుకోకండర్రా అంది.

"మరి ఏ రకం తీసుకుందాం?" అన్నాడు బలభద్రం.

"ఏ రకమేంట్రా? మావయ్యగారు మూడూ ఉండాలన్నారు. మూడూ ఏద్దాం. నాలుగోది మన పాత టైరు. దారి తెలిసింది ఒకటుండాలి కదా, కొత్తోళ్ళు మూడుకి మూడూ కొండ దారిలో తప్పిపోతే?"

నాలుగూ ఒకేలా ఉండాలని భాయి చెప్పాడని వీరభద్రం గుర్తుచేశాడు. దానికేం! నాలుగింటికీ గడపకి రాసినట్టు పసుపు రాసి, కుంకుమ బొట్లెట్టేశారు. ఒకేలా ఉన్నాయి. మా ఊరి పంచరు షాపోడు వాటిని బిగిస్తా బిగిస్తా, ఇది కారా పేరంటమా అని నన్నడిగాడు.

శుక్రవారం తెల్లారింది. వాన మొదలైంది. ఎర్రకారు కొండకి బయల్దేరింది. బలభద్రం స్టీరింగు దగ్గర. విలువ టైరు ముందు ఎడమపక్క. దాని ముందు రోడ్డు మీద ఇంట్లో బొంతలన్నీ పరిచారు. కారు ఒక బొంత దాటగానే వీరభద్రం ఎనక నుంచి దాన్ని లాగి ముందుకి విసురుతాడు, రామభద్రం ముందు అందుకుని పరుస్తాడు. మంగతాయారు గొడుగేసుకుని, కుంటుకుంటా పక్కన నడుస్తా, "తగుల్తందిరా, ఎడమకి పరు! బొంత మడత పడింది, సరిచెయ్యి!" అని కేకలు.

జిల్లాలో అన్నిటికంటే జోరుగా పోయే కారండి అది. దాన్ని దాటుకుని మేకలెళ్ళిపోయాయి. ఒక మేక ఆగి జాలిగా చూసింది కూడా.

నేనెందుకెళ్ళానంటారా? వాళ్ళ బొంతలు చాల్లేదని నా ఇంట్లో రెండు పట్టుకుపోయారు. నా బొంతల వెనకాల నేను.

పులిమేరులో కోటిలింగం గుమ్మంలో నిలబడి చూస్తన్నాడు. భోజనాల వేళయింది. వీళ్ళు రాలేదు. కోనసీమ సంబంధం వచ్చేసింది, తళతళలాడే పెద్ద కారేసుకుని. మాణిక్యానికి కాళ్ళు నిలవలేదు. జీపేసుకుని ఘాటులోకి దిగింది. మూడో మలుపు దగ్గర మేము కనిపించాం.

ఆ పిల్ల జీపు దిగి, నడుం మీద చేతులేసుకుని అటూ ఇటూ చూసింది. "ఏవండోయ్ పెళ్ళికొడుకుగారూ, పక్కేసుకుంటా వస్తన్నారేంటి? నిద్దరొచ్చిందా?"

"అరుగుద్దని" అన్నాడు బలభద్రం అద్దంలోంచి తల బయటికి పెట్టి.

"ఏవరుగుద్ది?"

"విలువ."

"అక్కడ నాన్న కోనసీమోళ్ళ కారెక్కేస్తన్నాడు! కొంచెం జోరు పెంచు!"

"జోరు పెంచితే అన్నయ్య చెయ్యి నలుగుద్ది కదా" అన్నాడు బలభద్రం దిగులుగా. "నీకు ఆలస్యమైపోతే ఆళ్ళనే చేసుకో మాణిక్యం. కానీ అనాసపళ్ళు మాత్రం ఇక్కడే అమ్ము. నేను తినను గానీ, దూరం నుంచి చూస్తా."

ఆ పిల్ల కొంగు నడుముకి బిగించి, తడిసిన బొంతకి ఒక కొస పట్టుకుంది. "అత్తయ్యగారూ, ఇటు మీరు పట్టండి. ఇలా అయితే కాస్త ముందుకెళ్తాం." అంతే, అయిదుగురం ఆరుగురం పడి పరుస్తా, పీకుతా పోయాం. నేను కూడా పరిచానండి, నా బొంత నేనే.

మేము ఎక్కేసరికి కోటిలింగం అరుగు మీద కూర్చున్నాడు. నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి. పంచె నిండా కాఫీ. కోనసీమ కుర్రోడు తన టైర్ల పట్టు చూపిద్దామని మలుపులన్నీ రయ్యిన తిప్పాడంట. కారు జార్లేదు, లోపలున్న కోటిలింగమే జారాడు. తల పైకప్పుకి కొట్టుకుంది, కాఫీ ఒళ్ళో పడింది. ఆ కుర్రోడు ఇంకా, "పట్టు చూశారాండీ?" అంటన్నాడు.

"చూశాను, తలకాయ పట్టుకుని చూశాను" అన్నాడు కోటిలింగం. తర్వాత మావైపు తిరిగాడు. "ఆలస్యంగా వచ్చారు. అయినా మాటిచ్చాను. గ్లాసు నింపుకురావే అమ్మడూ."

నిండుగా, అంచుదాకా. ఆయన సుఖం టైరు పైన సీట్లో కూర్చున్నాడు. బలభద్రం కారు కదిపాడు. బొంత ఏశారు, తీశారు, ఏశారు, తీశారు. వాన పడతంది, రోడ్డు జారతంది. మా కారు మాత్రం పెళ్ళికూతురు నడిచినట్టు నడుస్తంది. ముందు మలుపు దాకా ఎళ్ళి తిరిగొచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టింది. చుక్క కదల్లేదు. కోటిలింగం గ్లాసు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని గుర్రు పెడతన్నాడు.

లేపితే కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళు ఈ ఘాటు మీద బండి తోలాను. నిద్ర పట్టిన మొదటి రోజు ఇదే! తాంబూలాలు తీసుకురండి! నా అల్లుడు ఇతనే!" కోనసీమోళ్ళు భోంచేసి వెళ్ళిపోయారు. మాణిక్యం తలొంచుకుని నవ్వుతా తడిసిన బొంత పిండింది. అది నాదే.

అంతా బావుండేది. ఆ ముసలాయన అక్కడితో ఆగితే.

ఆగలేదు. టైర్ల మీద చెయ్యేసి, "ఇవి టైర్లు కాదమ్మా, బంగారం! బీరువాలో పెట్టి దాచుకోవాలి!" అన్నాడు.

ఇంకేముంది! మంగతాయారు కొడుకుల వైపు చూసింది. కొడుకులు జాకీ వైపు చూశారు. పెద్దాయన లోపల తాంబూలం సర్దుకుని బయటికొచ్చేసరికి కారు నాలుగు రాళ్ళ మీద కూర్చుంది. రామభద్రం మెడలో ఒకటి, భుజానొకటి. వీరభద్రం చేతిలో ఒకటి. తడి బొంతల మూట నా నెత్తిన. పాత టైరు పెద్దదని తల్లి గౌరవంగా తనే ఎత్తుకుంది. "చిన్నోడా, కారు జాగ్రత్త. దిగకు" అని చెప్పి నన్నూ ఎంటేసుకుని ఘాటు దిగిపోయారు. బస్సులో కండక్టరు టైర్లకి లగేజీ టిక్కెట్టు తీసుకోమంటే, "అవి సీట్లో కూర్చోవు బాబూ, నిలబడే ఉంటాయి" అంది మంగతాయారు.

ఇంటికెళ్ళారు. టైర్లకి పసుపు మళ్ళీ రాశారు. బీరువాలో నిలబెట్టారు. తాళంకప్ప నొక్కారు. టక్!

అప్పుడు భోజనాలకి ఆకులేస్తే ఒక ఆకు మిగిలింది.

"చిన్నోడేడి?" అంది తల్లి.

"కారులో."

"కారేది?"

"కొండ మీద."

"అయితే రమ్మనండి."

"టైర్లు లేకుండా ఎలా వస్తాడమ్మా?"

"అయితే టైర్లు పట్టుకెళ్ళండి."

"బీరువాలో ఉన్నాయి కదా."

"అయితే తియ్యండి."

"చెవి చిన్నోడి మొలతాడుకుంది."

నేనన్నాను, "ఎవరో ఒకరు పోయి చెవి పట్టుకొస్తే సరి కదా." వాళ్ళు నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

"చెవి ఎంత ఉంటది బాబూ, వేలంత. దారిలో పడిపోతే? అదే బీరువా అయితే? బీరువాని దారిలో పారేసుకున్నోణ్ణి ఎక్కడైనా చూశావా?" అంది మంగతాయారు.

అంతే! బీరువాకి బొంగులు కట్టారు. తడి బొంతలు చుట్టారు. కొండ కింద దాకా ట్రాక్టరు, అక్కణ్ణించి రోజుల తరబడి మోత. నన్నూ ఒక కొస పట్టించారు. మా వెనకాల ఊరు ఊరంతా. మధ్యలో వాయిద్యాలోళ్ళు ఎవరో, పెళ్ళి సామాననుకుని సన్నాయి ఊదుతా కలిశారు.

పులిమేరులో బలభద్రం ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. దిగొద్దన్నారు కదా. మాణిక్యం కారు అద్దంలోంచి ముద్దలు కలిపి పెడతంది. గడ్డం పెరిగింది, బుగ్గలు కూడా పెరిగాయి.

కోటిలింగం ఎదురొచ్చి, "పెళ్ళికి ముందే మీరే ఎదురు సారె మోసుకొచ్చారా! ఎంత గొప్ప మనసు!" అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడు. ముహూర్తం ఎందుకు పోనివ్వాలని అక్కడికక్కడే, కారులో ఉన్న పెళ్ళికొడుక్కి తలుపు తీసి మరీ, తాళి కట్టించేశారు. దిగమని తల్లి చెప్పాకే దిగాడనుకోండి.

తర్వాత బలభద్రం మొలతాడు లాగి తాళంకప్ప తీశాడు. టైర్లు బయటికొచ్చాయి. కారుకెక్కాయి. ఊరంతా చప్పట్లు. "ఎక్కండి, ఎక్కండి, మన ఇంటికెళ్దాం" అంది మాణిక్యం కొత్త చీర సర్దుకుంటా. "బొంతలొద్దు అత్తయ్యగారూ, నేను తోలతాను. కారు తాళం ఇవ్వండి."

మంగతాయారు నవ్వింది. గెలిచినోళ్ళు నవ్వే నవ్వది.

"కంగారు పడకమ్మా. ఇంత జనంలో ఎవడైనా కొట్టేస్తాడని కారు తాళం బీరువాలో పెట్టి కప్ప నొక్కేశాను."

"మరి బీరువా చెవేదండీ?"

"ఒక్కసారి మోసపోయాం కదా, చెవొకచోట బీరువా ఒకచోట ఉంటే ఎంత కష్టమో! ఇంకెప్పుడూ విడిపోకుండా దాన్ని కూడా లోపలే పెట్టాను."

టక్.

"అయితే పగలగొడదాం" అన్నాడు కోటిలింగం గొడ్డలి తీసుకుని. ముగ్గురు భద్రాలూ బీరువాకి అడ్డంగా నిలబడ్డారు. "విలువ పోద్దండి మావయ్యగారూ!"

ఇల్లరికపు అల్లుణ్ణి చూశాం గానీ, ఇల్లరికపు అత్తగారిని, ఇల్లరికపు బావగార్లని, ఇల్లరికపు బీరువాని ఎక్కడైనా చూశామా? కోటిలింగం ఇంట్లో చూడండి. మొన్న పలకరిద్దామని ఎళ్తే ముసలాయన వీధిలో నులకమంచం మీద పడుకున్నాడు. "ఇదేంటి కోటిలింగంగారూ, బయట?" అంటే, చెయ్యెత్తి ఇంటివైపు చూపించాడు.

వీధి తలుపు లేదు. పీకేసి బీరువా వెనకాల దాచారు.